బేస్‌మెంట్‌లో రేడాన్ ఎంతుందో మీరే కొలుచుకోవడం ఎలా

"అన్నా, ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో రేడాన్ 6.2 అని వచ్చింది. ఇల్లు వదిలేయమంటావా?"

ఇళ్లు కొనే సీజన్ మొదలైందంటే ఈ ఫోన్ నాకు తప్పదు. ఒక్కొక్కరికీ అరగంట చెప్పే బదులు ఒకేసారి రాసి పెడుతున్నాను. వదిలేయక్కర్లేదు. రేడాన్ ఉన్న ఇంటిని బాగుచేయడం పైకప్పు మార్చడం కంటే చాలా చవక, మామూలుగా ఒక్క రోజు పని. కానీ ఆ 6.2 నిజంగా 6.2 యేనా అన్నది ముందు తేలాలి. టెస్ట్ సరిగ్గా చేయకపోతే ఎక్కువొచ్చినా తక్కువొచ్చినా ఆ అంకెను నమ్మలేం. నేను పెన్సిల్వేనియాలో ఉంటాను కాబట్టి అమెరికా లెక్కలే చెబుతాను. కెనడాలో ఉన్నవాళ్లకు తేడా ఎక్కడ వస్తుందో మధ్యలో చెబుతాను.

అసలు ఏమిటీ రేడాన్

మట్టిలో, రాతిలో ఉండే యురేనియం క్రమంగా రేడియంగా మారుతుంది, రేడియం నుంచి రేడాన్ వాయువు పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. ఆరుబయట గాలిలో కలిసిపోతే ఎవరికీ ఇబ్బంది లేదు. ఇంటి కింద పుట్టి, నేల కాంక్రీటు స్లాబ్ పగుళ్లలోంచి, సంప్ పిట్‌లోంచి (బేస్‌మెంట్ నేలలో నీళ్లు చేరే గొయ్యి), పైపుల చుట్టూ ఉన్న సందుల్లోంచి లోపలికి వస్తేనే చిక్కు. చలికాలంలో వేడి గాలి పైకి పోతుంటే ఇల్లు కింద నుంచి మట్టిలోని గాలిని స్ట్రాతో పీల్చినట్టు లాక్కుంటుంది. రేడాన్ నుంచి పుట్టే పొలోనియం రేణువులు ఊపిరితిత్తుల్లో అతుక్కుని అక్కడే ఆల్ఫా కిరణాలు విడుస్తాయి. ఏళ్ల తరబడి అలా జరిగితే క్యాన్సర్ రావచ్చు.

అమెరికాలో ఏటా సుమారు 21,000 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోవడానికి రేడాన్ కారణమని అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ అంచనా. అందులో 2,900 మంది జీవితంలో సిగరెట్ ముట్టని వాళ్లు. గాలిలో లీటరుకు 4 పికోక్యూరీలు (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం, పైన చెప్పిన 6.2 కూడా ఇందులోనే) ఉన్న ఇంట్లో జీవితమంతా ఉంటే, పొగతాగని వెయ్యి మందిలో 7 గురికి, పొగతాగే వెయ్యి మందిలో 62 మందికి ఈ క్యాన్సర్ రావచ్చని అదే సంస్థ లెక్క. ఇంట్లో సిగరెట్ కాల్చేవాళ్లుంటే ఆ రెండో అంకె మరోసారి చదవండి.

దగ్గు రాదు, తలనొప్పి రాదు, కళ్లు మండవు. "మాకేం ఇబ్బందిగా లేదు కదా" అన్నది రేడాన్ విషయంలో పనికిరాని మాట. రక్తపరీక్షలోనూ తెలియదు. ఇంటిని కొలవాల్సిందే.

ఈ సంగతి అమెరికాలో అందరికీ తెలిసింది మా రాష్ట్రం నుంచే. 1984 డిసెంబరులో, ఇక్కడి లిమెరిక్ అణు విద్యుత్ కేంద్రంలో పనిచేసే స్టాన్లీ వాట్రస్ అనే ఇంజనీరు రేడియేషన్ డిటెక్టర్ దాటుతుంటే అలారం మోగేది. పని ముగించుకుని వచ్చేటప్పుడే కాదు, పొద్దున లోపలికి వెళ్లేటప్పుడు కూడా. ప్లాంటు అప్పటికి కరెంటు ఉత్పత్తే మొదలుపెట్టలేదు. చూస్తే రేడియేషన్ ఆయన ఇంట్లో ఉంది, లీటరుకు సుమారు 2,700 పికోక్యూరీలు. ఆ ఇంటిని కూడా బాగుచేశారు, ఆ కుటుంబం మళ్లీ అక్కడికే వచ్చింది. మీ 6.2కి ఇల్లు వదిలేయక్కర్లేదని నేను ధైర్యంగా చెప్పేది అందుకే.

ఎవరు ముందు చేయాలి

బేస్‌మెంట్‌ను మనవాళ్లు వాడినట్టు ఇంకెవరూ వాడరు. వర్క్ ఫ్రమ్ హోమ్ టేబుల్ అక్కడే, హోమ్ థియేటర్ అక్కడే, పిల్లల ఆటలు అక్కడే. ఇండియా నుంచి అమ్మానాన్నలు ఆరు నెలలకు వస్తే మెట్లెక్కే బాధ లేకుండా పడక కూడా కొందరిళ్లలో అక్కడే. పనిచేసే చోట రేడాన్ గురించి కంపెనీలకు ప్రభుత్వ నిబంధనలు ఉన్నాయి కానీ, మీ బేస్‌మెంట్‌లోని ఆఫీసును ఎవరూ వచ్చి తనిఖీ చేయరు. రోజుకు ఎనిమిది తొమ్మిది గంటలు కింద కూర్చునేవాళ్లు ఇంకో నెల ఆగకండి.

"పక్కింటి వాళ్లకు 1.5 వచ్చిందట" అంటారు. అది వాళ్ల ఇంటి అంకె. కింద మట్టి, స్లాబ్ పగుళ్లు, హీటర్ వాడకం, ఏదీ ఒకేలా ఉండదు. గోడకు గోడ ఉన్న టౌన్‌హౌస్‌లలో కూడా తేడాలు వస్తాయి.

ఏమేం కావాలి

- షార్ట్ టర్మ్ బొగ్గు కిట్లు రెండు. హార్డ్‌వేర్ దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మీ రాష్ట్ర రేడాన్ ఆఫీసును అడిగి చూడండి, కొన్ని రాష్ట్రాలు ఉచితంగానో తక్కువ ధరకో ఇస్తాయి. ల్యాబ్ ఫీజు ధరలోనే ఉందా, విడిగా కట్టాలా అన్నది డబ్బా మీద చూసి కొనండి. గడువు తేదీ కూడా చూడండి.
- లేదా లాంగ్ టర్మ్ ఆల్ఫా ట్రాక్ కిట్ ఒకటి. 90 రోజులకు తక్కువ కాకుండా ఉంచాలి.
- లేదా ఇంట్లో పెట్టుకునే డిజిటల్ మానిటర్. ధర ఎక్కువే, కానీ ఏళ్ల తరబడి పనికొస్తుంది.
- చిన్న స్టూలు, పెన్ను, ఫోన్.

ఇల్లు కొనే తొందరలో ఉంటే షార్ట్ టర్మ్. సొంత ఇంట్లో స్థిమితంగా ఉంటే, నా సలహా ముందు షార్ట్ టర్మ్, అది చూసుకుని లాంగ్ టర్మ్. రేడాన్ రోజు రోజుకీ, రాత్రికీ పగటికీ మారుతుంది. మూడు రోజుల అంకె ఆ మూడు రోజుల సంగతే చెబుతుంది.

చేసే పద్ధతి

1. గది ఎంచుకోండి. ఇంట్లో మనుషులు నిజంగా కాలం గడిపే గదుల్లో అన్నిటికంటే కింద ఉన్నది. బేస్‌మెంట్ పూర్తిచేసి వాడుకుంటుంటే అక్కడే. బియ్యం బస్తాలు, సూట్‌కేసులు పెట్టడానికి తప్ప దిగనివాళ్లు దాని పైఅంతస్తులో పెట్టవచ్చు. కానీ ఇల్లు కొంటున్నా, రేపు బేస్‌మెంట్ ఫినిష్ చేయించే ఆలోచన ఉన్నా బేస్‌మెంట్‌లోనే పెట్టండి. వంటగది, బాత్‌రూమ్, లాండ్రీ, అల్మారా వద్దు. తేమ, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు లెక్క పాడుచేస్తాయి.

2. పన్నెండు గంటల ముందు ఇల్లు మూయండి. నాలుగు రోజుల లోపు టెస్టుకు ఇది తప్పనిసరి. కిటికీలన్నీ మూయాలి, పై అంతస్తువి కూడా. తలుపులు రాకపోకలకు తప్ప తెరవకూడదు. హీటర్ లేదా సెంట్రల్ ఏసీ ఎప్పట్లాగే నడవనివ్వండి. బయటి గాలిని లోపలికి తెచ్చే ఫ్యాన్లు ఆపేయండి. వంటగది చిమ్నీ కొద్దిసేపు వేస్తే ఫర్వాలేదు. కానీ ఇంటికి చుట్టాలొచ్చి గంటల తరబడి గారెలు వేయించే రోజు ఈ టెస్ట్ పెట్టుకోకండి. గాలివాన, తుఫాను హెచ్చరిక ఉన్న రోజులూ వద్దు. ఫైర్‌ప్లేస్ వెలిగించకండి, అదొక్కటే వేడికి ఆధారమైతే తప్ప.

3. చోటు కొలిచి పెట్టండి. నేల నుంచి కనీసం 20 అంగుళాల ఎత్తు, అంటే స్టూలు మీద. బయటి గోడలో ఉన్న కిటికీ, తలుపులకు మూడడుగుల దూరం. బయటి గోడకు అడుగు దూరం. చుట్టూ నాలుగంగుళాల వరకు ఏ వస్తువూ ఉండకూడదు. హీటర్ గాలి నేరుగా తగిలే చోటు, ఎండ పడే చోటు, సంప్ పిట్ పక్కన వద్దు. సంప్ పిట్ దగ్గర పెడితే ఎక్కువ వస్తుందని కొందరు కావాలనే అక్కడ పెడతారు. మనం కొలిచేది మనం పీల్చే గాలిని, గొయ్యిలో గాలిని కాదు.

రెండు కిట్లూ ఉంటే నాలుగైదు అంగుళాల ఎడంతో పక్కపక్కనే పెట్టండి. రెండు అంకెలూ దగ్గరగా వస్తే నమ్మొచ్చు. ఒకటి 3, ఇంకోటి 9 వస్తే ఎక్కడో తప్పు జరిగింది, మళ్లీ చేయాలి.

4. తెరిచి, టైమ్ రాయండి. కిట్ తెరిచిన క్షణం నుంచి బొగ్గు గాలిని పీల్చుకుంటుంది. తేదీ, గంట, నిమిషం అప్పుడే కార్డు మీద రాసి, ఫోన్‌తో ఫొటో తీయండి. "తర్వాత రాద్దాంలే" అన్నవాళ్లలో సగం మంది మరుసటి రోజు నాకు ఫోన్ చేసి "నిన్న ఏడా, ఎనిమిదా గుర్తులేదు" అంటారు. ల్యాబ్ లెక్క మొత్తం ఆ గంటల మీదే ఆధారపడుతుంది.

5. ముట్టుకోకండి, మూయకండి. కిట్ మీద రాసినన్ని రోజులు, కనీసం 48 గంటలు ఉంచాలి. ఎక్కువ కిట్లు నాలుగైదు రోజుల వరకు ఒప్పుకుంటాయి. ఇంట్లో అందరికీ చెప్పండి. మా ఇంట్లో నేను చెప్పలేదు. రెండో రోజు సాయంత్రం కిందికి దిగి చూస్తే స్టూలు మీద కిట్ లేదు, స్టీలు గిన్నె బోర్లించి ఉంది. "మూత లేకుండా పెట్టావు, దుమ్ము పడుతోందిరా" అంది అమ్మ. పైగా కిందంతా ముక్కిన వాసన వస్తోందని పొద్దున్నే చిన్న కిటికీ తీసిందట. ఆ కిట్ చెత్తబుట్టలోకి వెళ్లింది. కొత్త కిట్ పక్కన తెలుగులో "ముట్టుకోవద్దు, కిటికీ తీయొద్దు" అని కాగితం అంటించాను.

6. మూసి, అదే రోజు పోస్ట్ చేయండి. రేడాన్ అర్ధ జీవితకాలం 3.8 రోజులు, అంటే అన్ని రోజులకోసారి సగానికి తగ్గిపోతుంది. బొగ్గు పట్టుకున్న రేడాన్ కవరులో ఉన్నా కరిగిపోతూనే ఉంటుంది. కారు డ్యాష్‌బోర్డు మీద పది రోజులు తిరిగిన కవరుకు ల్యాబ్ ఏ అంకే ఇవ్వలేదు, "చెల్లదు" అని ఉత్తరం పంపింది. అది కూడా నా ఘనకార్యమే. శుక్రవారం సాయంత్రం ముగిసేలా మాత్రం మొదలుపెట్టకండి, మధ్యలో వారాంతం వస్తుంది. ఆదివారం రాత్రి తెరిచి, బుధవారమో గురువారమో మూస్తే హాయి.

డిజిటల్ మానిటర్ అయితే పోస్ట్ గొడవ లేదు. దాని కష్టం వేరు. గంట గంటకూ చూసి, తెల్లవారుజామున 7, మధ్యాహ్నం 2 కనిపిస్తే టెన్షన్ పడిపోతారు. గంట రీడింగు వదిలేయండి, కనీసం ఒక నెల సగటు చూడండి. మొదటి రోజు అంకెను అస్సలు నమ్మకండి.

7. అంకె చదవండి.

4 వచ్చినా, దాటినా బాగుచేయించాలని ఈపీఏ చెబుతుంది. కానీ ఒక్క షార్ట్ టర్మ్ టెస్టు చూసి కాంట్రాక్టర్‌ను పిలవకండి. 4కూ 8కీ మధ్య వస్తే ఇంకో షార్ట్ టర్మ్ గానీ లాంగ్ టర్మ్ గానీ చేయండి. 8 దాటితే లాంగ్ టర్మ్ కోసం ఆగొద్దు, వెంటనే రెండో షార్ట్ టర్మ్. రెండు షార్ట్ టర్మ్‌ల సగటు గానీ, లాంగ్ టర్మ్ అంకె గానీ 4 వచ్చినా, దాటినా పని మొదలుపెట్టండి.

2కూ 4కూ మధ్య అయితే ఆలోచించుకోమంటుంది ఈపీఏ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో సూచించిన హద్దు ఘనమీటరుకు 100 బెకరెల్, అంటే సుమారు 2.7 పికోక్యూరీలు. కాబట్టి 3.5 వచ్చిందని గంతులు వేయక్కర్లేదు. కింద రోజంతా పనిచేసేవాళ్లూ, పిల్లలు పడుకునేవాళ్లూ అయితే నేను 3కే బాగుచేయించమంటాను. 4 కంటే తక్కువైతే భద్రం, దాటితే ప్రమాదం అనే గీత ప్రకృతిలో లేదు.

కెనడాలో అంకె బెకరెల్‌లలో వస్తుంది, అక్కడి హద్దు 200. "అమెరికాలో 4 దాటకూడదట, మాకు 150 వచ్చింది" అని ఒకాయన నిద్రపోకుండా ఫోన్ చేశారు. పికోక్యూరీల్లోకి మార్చడానికి 37తో భాగించమన్నాను. నాలుగు వచ్చింది. తక్కువేం కాదు, కానీ అర్ధరాత్రి లేపేంతదీ కాదు. కెనడాలో చలికాలంలో మూడు నెలల టెస్టునే నమ్ముతారు, మీరూ అదే చేయండి.

8. బాగుచేయించండి. ఎక్కువ ఇళ్లలో చేసే పని ఒకటే. స్లాబ్‌కు రంధ్రం చేసి, కింద కొంచెం మట్టి తీసి, పీవీసీ పైపు దించి, ఫ్యాన్‌తో ఆ గాలిని లాగి కప్పు పైకి వదులుతారు. ఇంట్లోకి రాకముందే రేడాన్‌ను దారి మళ్లించడమన్నమాట. సంప్ పిట్‌కు గాలి చొరని మూత వేస్తారు. క్రాల్ స్పేస్ (ఇంటి కింద పాకుతూ వెళ్లేంత ఖాళీ) ఉంటే నేల మీద మందపాటి ప్లాస్టిక్ పరిచి దాని కింద నుంచి లాగుతారు. ఖర్చు ఇంటిని బట్టి మామూలుగా వెయ్యి నుంచి రెండున్నర వేల డాలర్లలో అయిపోతుంది.

పగుళ్లకు సీలెంట్ పూసేసి చేతులు దులుపుకుంటానంటే కుదరదు. పగుళ్లు పూడ్చడం ఆ పైపు ఫ్యాన్‌కు తోడుగా పనికొస్తుంది, ఒంటరిగా పనిచేయదు. కిటికీలు తెరిస్తే తగ్గుతుంది, మూయగానే మళ్లీ పెరుగుతుంది. జనవరిలో ఎన్ని గంటలు తెరుస్తారు?

కాంట్రాక్టర్‌కు రాష్ట్ర లైసెన్స్ ఉందా అడగండి. పెన్సిల్వేనియా, న్యూజెర్సీ, ఇల్లినాయ్, ఒహాయో లాంటి చోట్ల లైసెన్స్ లేదా సర్టిఫికేషన్ తప్పనిసరి. లేని రాష్ట్రాల్లో జాతీయ సర్టిఫికేషన్ చూడండి. ఇద్దరి దగ్గర కొటేషన్ తీసుకోండి. 4 లోపుకు తెస్తానని రాతపూర్వకంగా ఇస్తేనే సంతకం పెట్టండి. పని జరుగుతున్నప్పుడు ఈ మూడూ మీరే చూడండి:

- ఫ్యాన్ అటకలోనో ఇంటి బయటో ఉండాలి. ఫ్యాన్ దాటాక పైపులో గాలి ఒత్తిడితో పోతుంది, అక్కడ చిన్న లీకున్నా రేడాన్ బయటికి చిమ్ముతుంది. ఫ్యాన్‌ను బేస్‌మెంట్‌లో పెడితే ఆ చిమ్మేది మీ గదిలోకే. మా స్నేహితుడి ఇంట్లో ఒక కాంట్రాక్టర్ అలాగే పెట్టి పోయాడు, మళ్లీ పిలిపించి మార్పించారు.
- పైపు చివర కప్పు పైన ఉండాలి. కిటికీ పక్కన గోడకు వదిలేస్తే తీసింది మళ్లీ లోపలికే వస్తుంది.
- గ్యాస్ వాటర్ హీటర్, ఫర్నేస్ పొగ లోపలికి వెనక్కి తన్నడం లేదని పరీక్షించమనండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం బేస్‌మెంట్‌లో ఉండి తీరాలి.

9. ఫలితం సరిచూసుకోండి. ఫ్యాన్ తిరగడం మొదలయ్యాక 24 గంటలు ఆగి, 30 రోజుల్లోపు మళ్లీ టెస్ట్ చేయాలి. కాంట్రాక్టర్ చేసిన టెస్టుతో సరిపెట్టుకోకండి, మీరు సొంతంగా ఒక కిట్ పెట్టండి. పని చేసినవాడే మార్కులు వేసుకుంటే ఎలా?

పైపుకు యు ఆకారంలో చిన్న గొట్టం, అందులో రంగు నీళ్లలాంటి ద్రవం ఉంటుంది. మానోమీటర్ అంటారు. రెండు వైపులా ద్రవం ఎత్తు వేరుగా ఉంటే ఫ్యాన్ లాగుతున్నట్టు. సమానంగా ఉందంటే అంతా బాగుందనుకుంటారు చాలామంది, అది తప్పు. సమానమైతే ఫ్యాన్ లాగడం లేదన్నమాట. అలాగని తేడా కనిపించినంత మాత్రాన రేడాన్ తగ్గినట్టూ కాదు. ఫ్యాన్ సంగతి ఆ గొట్టం చెబుతుంది, రేడాన్ సంగతి టెస్టే చెప్పాలి. రెండేళ్లకోసారి మళ్లీ కొలవండి. బేస్‌మెంట్ ఫినిష్ చేయించినా, హీటింగ్ సిస్టమ్ మార్చినా, కిటికీలు కొత్తవి వేయించినా వెంటనే కొలవండి.

మళ్లీ మళ్లీ అడిగేవి

*కొత్త ఇల్లు కదా, టెస్ట్ ఎందుకు?* కొత్త ఇళ్లు గాలి చొరకుండా కడతారు, లోపలికి వచ్చింది బయటికి పోదు. కొన్నిటికి బిల్డరే పైపు వేసి ఉంచుతాడు, ఫ్యాన్ మాత్రం ఉండదు. "రేడాన్ సిస్టమ్ ఉంది" అంటే ఫ్యాన్ ఉందా లేదా అడగండి. ఆ పైపుకు ఫ్యాన్ తగిలించడం కొత్తగా పైపు వేయించడం కంటే చవక.

*కొంటున్న ఇంట్లో ఎక్కువ వచ్చింది.* ఇన్‌స్పెక్షన్ గడువు దాటకముందే మీ ఏజెంట్‌తో చెప్పి, అమ్మేవాళ్లు సిస్టమ్ పెట్టించాలనో, ఆ మేరకు డబ్బు తగ్గించాలనో అడగండి. నేనైతే డబ్బు తీసుకుని కాంట్రాక్టర్‌ను నేనే ఎంచుకుంటాను. అమ్మి వెళ్లిపోయేవాడు చవకగా దొరికినవాడిని పిలుస్తాడు. ఒకవేళ తక్కువ వచ్చినా, అమ్మేవాళ్లు ఆ ఇంట్లోనే ఉంటే, కిటికీలు మూసే ఉంచారన్న నమ్మకం ఏముంది? దిగాక మీరు మళ్లీ కొలుచుకోండి.

*గ్రానైట్ గట్టు తీసేయాలా?* అక్కర్లేదు. గ్రానైట్‌లో కొద్దిగా యురేనియం ఉంటుంది, కానీ ఇంట్లో రేడాన్‌కు అసలు దారి కింద మట్టే.

*మరి హైదరాబాద్‌లో అమ్మావాళ్ల ఇల్లు?* ఊరంతా గ్రానైట్ రాతి మీదే ఉన్నా, మన ఇళ్లకు బేస్‌మెంట్ పడకగదులు అరుదు, కిటికీలు తెరిచే ఉంటాయి, గాలి ఆడుతుంది. మూడో అంతస్తు ఫ్లాట్‌కు మట్టితో సంబంధమే లేదు. నేలను ఆనుకున్న గదిలో తలుపులన్నీ బిగించి రోజంతా ఏసీలో ఉండేవాళ్లకు మాత్రం, ఈసారి వెళ్లేటప్పుడు డిజిటల్ మానిటర్‌ను సూట్‌కేసులో పడేసుకుని, ఉన్నన్ని రోజులు ఆ గదిలో పెట్టి చూడండి.